చుట్ట కింద తోక, పక్క గుంటలో తల: ఆటు వేళ దొరికిన ఒక ఏకార్న్ వార్మ్ కేసు

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఇసుక మేటల మీద జీవుల సర్వే చెయ్యడం నా పని. ప్రతిసారీ నాతో ఐదారుగురు వాలంటీర్లు వస్తారు. కొందరు జంతుశాస్త్రం చదివినవాళ్ళు, మిగతావాళ్ళు సముద్రం మీద ఇష్టంతో వచ్చేవాళ్ళు. పుస్తకంలో బొమ్మగా తప్ప చాలామంది ఎప్పుడూ చూడని జీవి ఒకరోజు మాకు ఎదురైంది. మొదటి పది నిమిషాల్లో దాన్ని మేమే పాడుచేశాం. అదే ఆటులో, అదే మనుషులతో, మరోసారి జాగ్రత్తగా చేసి చూశాం. రెండింటికీ మధ్య ఏం మారిందో రాసిపెట్టుకోవడం అవసరమనిపించింది. మనుషుల పేర్లు, తీరం పేరు, నెల రాయడం లేదు. ఇలాంటి జీవి ఫలానా చోట ఉందని తెలిస్తే పారలు పట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. ఆ భయంతోనే చోటు గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

అమావాస్య దాటి రెండో రోజు. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే గీత మీదకి వస్తాయి కాబట్టి పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. చాలా తీరాల్లో అసలైన పెద్ద ఆటు ఆ తిథి నాడు కాక ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. మిగతా రోజుల్లో నీళ్ళ కింద ఉండిపోయే ఇసుక అప్పుడు కాసేపు బయటపడుతుంది. నీటి మట్టం అన్నిటికన్నా తగ్గే సమయానికి గంటన్నర ముందు దిగుతాం, అది దాటిన అరగంటకల్లా వెనక్కి బయల్దేరతాం. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. నీరు తిరిగొచ్చేటప్పుడు మేటకీ ఒడ్డుకీ మధ్య ఉన్న పల్లమే ముందు నిండుతుంది.

ఆ రోజు పని నత్తలు, పీతల లెక్క. పురుగుల కోసం వెళ్ళలేదు కాబట్టి పురుగుల గురించి దిగేముందు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇది నా లోపం. తర్వాత జరిగినదానికి చాలావరకు ఇదే మూలం.

సమస్య ఎలా ఎదురైంది

మేట చివర, సన్నటి ఇసుకలో కొద్దిగా బురద కలిసిన చోట, జంతికలు పిండినట్టు ఇసుక చుట్టలు కనిపించాయి. ఒక్కో చుట్ట అరచేతిలో పట్టేంత. ఇలాంటి చుట్టలు చూడగానే మాలాంటివాళ్ళకి మొదట గుర్తొచ్చేది లగ్‌వార్మ్. అది ఇసుక మింగి, అందులోని తిండి పీల్చుకుని, మిగిలిన ఇసుకని తోక వైపు నుంచి పైకి తోసేస్తుంది. ఒక వాలంటీర్ అలాగే అనుకుని ఒక చుట్ట కింద చిన్న పారతో నిలువుగా తవ్వింది. లగ్‌వార్మ్ లోతుకి జారిపోతుంది, త్వరగా తవ్వాలి అని ఎక్కడో విన్నదట.

నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. "మేడమ్, ఒకసారి ఇటు రండి. ఇది మందు వాసన వస్తోంది, దెబ్బలకి రాసే అయోడిన్ లాగా" అని పిలిచింది. వెళ్ళేసరికి ఆమె అరచేతిలో ఒక జానెడు మెత్తని ముక్క ఉంది. లేత గోధుమరంగు, ఒంటినిండా జిగురు, లోపల ఇసుక నిండి ఉంది. వేలితో కదిపితే తడిసిన కాగితంలా ఇంకోచోట తెగింది.

అది ఏమిటో నాకు వెంటనే తెలియలేదు. అయితే లగ్‌వార్మ్ కాదని తెలిసింది. లగ్‌వార్మ్ ఒంటి మీద ఉంగరాల్లాంటి ఖండాలుంటాయి, పక్కల ముళ్ళలాంటి వెంట్రుకలు, నడుం భాగంలో కొమ్మల్లా చీలిన మొప్పలు ఉంటాయి. కండ గట్టిగా ఉంటుంది. ఈ ముక్కలో అవేవీ లేవు. దానికి తోడు ఆ వాసన. ఏకార్న్ వార్మ్‌లు బ్రోమోఫినాల్స్ అనే బ్రోమిన్ కలిసిన పదార్థాలు తయారుచేస్తాయి, వాటి వాసన అయోడోఫాం (గాయాలకి వాడే అయోడిన్ మందు) వాసనకి దగ్గరగా ఉంటుంది. అయితే లగ్‌వార్మ్ గుంపుకి చెందిన కొన్ని సముద్రపు వెంట్రుకల పురుగులు కూడా ఇలాంటి పదార్థాలే చేస్తాయి. కాబట్టి వాసన దారి చూపిస్తుందే గాని తీర్పు చెప్పదు.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవాళ్ళకి ఏకార్న్ వార్మ్‌ల్లో ఒకటైన బెలనోగ్లాసస్ పేరు చెప్తే వెంటనే వెలుగుతుంది. పరీక్ష కోసం బొమ్మ గీసి, భాగాలు గుర్తించినది అదే. దాని ఒళ్ళు మూడు భాగాలు: ముందు తుండం, దాని వెనక కాలర్, ఆ వెనక పొడవాటి మొండెం. తుండం, కాలర్ కలిసి గిన్నెలో కూర్చున్న ఓక్ కాయలా కనిపిస్తాయి కాబట్టి ఏకార్న్ వార్మ్ అని పేరు. మొండెం ముందు భాగంలో మొప్ప చీలికలుంటాయి. 1866లో రష్యన్ జంతుశాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ వాటిని గమనించి వర్ణించడం వల్లే ఈ మెత్తటి పురుగు వెన్నెముక జీవులకి దగ్గరి బంధువుల చర్చలోకి వచ్చింది.

మా ముక్కలో తుండం లేదు, కాలర్ లేదు, మొప్పల భాగం లేదు. గుర్తుపట్టడానికి పనికొచ్చేవన్నీ ఇసుకలోనే ఉండిపోయాయి.

ఏం ప్రయత్నించాం, ఎందుకు కుదరలేదు

ఈ భాగం వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఇక్కడ చేసిన పనులన్నీ మంచి ఉద్దేశంతోనే చేశాం, ప్రతిదానికీ అప్పటికి ఒక కారణం కనిపించింది.

మొదటిది, చుట్ట కింద తవ్వడం. పైకి తార్కికంగానే ఉంది, చుట్ట ఉన్నచోట జీవి ఉంటుంది కదా. కానీ చుట్ట వేసేది తోక. ఈ జీవి బొరియ చాలావరకు ఆంగ్ల అక్షరం 'యు' ఆకారంలో ఉంటుంది. ఒక కొన చుట్ట దగ్గర పైకి వస్తుంది, రెండో కొన దగ్గర ఇసుక గరాటులా కుంగి ఉంటుంది, తల ఉండేది ఆ వైపు. చుట్ట కింద నిలువుగా పార దింపితే దొరికేది ఎప్పుడూ వెనక భాగమే. ఒంట్లో గట్టి కండరాల గోడ లేదు, పొట్ట నిండా ఇసుక బరువు. కొంచెం లాగినా తెగుతుంది.

రెండోది, కడగడం. ఇసుక అంటుకుని వివరాలు కనిపించడం లేదని ఇంకో అబ్బాయి తన తాగే నీళ్ళ బాటిల్ తీసి ముక్క మీద పోశాడు. నేను "ఆగు" అనేలోపే అయిపోయింది. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, సముద్రపు మెత్తటి జీవుల ఒంట్లోని ద్రవం కూడా ఇంచుమించు అంతే చిక్కన. మంచినీళ్ళు తగిలితే నీరు కణాల్లోకి చొరబడి అవి ఉబ్బుతాయి, పగులుతాయి. రెండు నిమిషాల్లో పైపొర తెల్లగా పాలిపోయింది, జిగురు తీగలు తీగలుగా విడిపోయింది. పాపం, ఆ అబ్బాయి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. బాటిల్ నీళ్ళు వాడొద్దని ముందే చెప్పి ఉండాల్సింది నేను.

మూడోది, ఫొటో. ఆ ముక్కనే నాలుగు ఫొటోలు తీసి, గుర్తుపట్టే ఫోన్ యాప్‌లో పెట్టాం. ఒకసారి సముద్ర దోసకాయ అంది, ఇంకోసారి రిబ్బన్ వార్మ్ అంది. యాప్‌ని తప్పుపట్టడానికి లేదు. తల లేని, మంచినీళ్ళకి పాలిపోయిన ముక్క చూపించి పేరు చెప్పమంటే ఎవరైనా అంతే చెప్తారు. ఈ గుంపు జీవుల మీద పని చేసిన ఒక పరిశోధకురాలికి కూడా అవే ఫొటోలు పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: కాలర్ కనిపించే ఫొటో లేకపోతే గుంపు పేరు కూడా ఖాయం చెయ్యలేను, వాసన గురించి మీరు రాసింది మాత్రం పోగొట్టుకోకండి.

ఆ చివరి మాట నాకు చాలా ఉపయోగపడింది. వాసన ఫొటోలో రాదు, ఆల్కహాల్ సీసాలో నిలవదు. అక్కడ ఉన్నవాళ్ళు అప్పుడు రాస్తేనే ఉంటుంది. నలుగురు వాలంటీర్లని విడివిడిగా వాసన చూసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కాగితం మీద రాయమన్నాను. ముగ్గురు ఆసుపత్రి, అయోడిన్, మందుల షాపు అని రాశారు. నాలుగో మనిషికి జలుబు.

తవ్వాలా, వదిలెయ్యాలా

నీరు పూర్తిగా తగ్గడానికి ఇంకా 20 నిమిషాలుంది. అంటే మాకు మొత్తం 50 నిమిషాలు. రెండో జీవిని తవ్వాలా వద్దా అన్నది నేను తేల్చాలి.

వద్దు అనడానికి బలమైన కారణాలున్నాయి. ఒకదాన్ని ఇప్పటికే తెంపాం. రెండోసారి కూడా అదే జరిగితే ఆసక్తి పేరుతో రెండు జీవుల్ని పాడుచేసినట్టే. పేరు తెలియకపోతే ప్రపంచం ఆగిపోదు. 'గుర్తుపట్టని పురుగు, చుట్టలు వేస్తోంది, అయోడిన్ వాసన' అని రాసుకుని వెనక్కి రావచ్చు, అది నిజాయితీ గల రికార్డే.

తవ్వాలి అనడానికీ కారణముంది. ఈ మేట ఏడాదికి కొన్ని రోజులే ఇంతగా బయటపడుతుంది. ఇక్కడ ఏకార్న్ వార్మ్‌లు ఉన్నాయని నమ్మదగిన రికార్డు ఉంటే, రేపు ఈ మేటని ఏమైనా చేయబోయినప్పుడు ఆ రికార్డు మాట్లాడుతుంది. అనుమానం రాసిన కాగితం అలా మాట్లాడదు.

అందుకని ముందు లెక్క పెట్టాం. మీటరు చదరం ఫ్రేమ్‌ని పదిచోట్ల వేసి చుట్టలు ఎంచాం. ఫ్రేమ్‌కి రెండు నుంచి ఆరు దాకా ఉన్నాయి. ఒంటరిగా మిగిలిన జీవి కాదు, కాలనీ లాగా ఉంది. ఒకటో రెండో చుట్టలే కనిపించి ఉంటే నేను అక్కడే ఆపేసేదాన్ని. సర్వే అనుమతిలో జీవుల్ని చూసి తిరిగి వదలడానికి, చిన్న కణజాల నమూనా తీసుకోవడానికి వీలుంది, అది కూడా ఇంకోసారి చూసుకున్నాం. తర్వాత షరతులు పెట్టుకున్నాం: ఒక్క జీవి, పార వాడకూడదు, 15 నిమిషాల్లో తల కనిపించకపోతే గుంట పూడ్చి వచ్చెయ్యాలి, చంపి నిల్వచెయ్యడం లేదు.

ఏది పనిచేసింది

చుట్ట వదిలేసి గరాటు కోసం వెతికాం. ఇది అనుకున్నంత తేలిక కాదు, తడి ఇసుకలో పీతల గుంటలు, నత్తల గుంటలు, నీటి బుడగల గుంటలు చాలా ఉంటాయి. ఒక చుట్ట ఎంచుకుని దాని చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని కదలకుండా చూశాం. నాలుగైదు నిమిషాలకి ఒక గుంట అంచు నుంచి ఇసుక కొంచెం కొంచెంగా లోపలికి జారింది. లోపల ఏదో మింగుతోందన్నమాట. చుట్టకీ ఆ గుంటకీ మధ్య జానెడు పైన దూరం ఉంది.

గుంట మీద తవ్వలేదు. దానికి మూరెడు పక్కన చేతులతో కందకం తీశాం, లోతు మోచేతి వరకు. తర్వాత గుంట వైపు ఉన్న ఇసుక గోడ మీద గిన్నెతో సముద్రపు నీళ్ళు మెల్లగా పోస్తూ వచ్చాం. ఇసుక తనంతట తాను పొరలుగా జారి కందకంలోకి దిగుతుంది, జీవి మీద ఒత్తిడి పడదు. తెగడానికి కారణం లాగడం. లాగకుండా, చుట్టూ ఉన్న ఇసుకనే తీసేస్తే? పారతో తవ్వినప్పుడు మనం జీవిని ఇసుకలోంచి తీస్తున్నాం, ఇక్కడ జీవి దగ్గర్నుంచి ఇసుకని తీస్తున్నాం. ఈ ఆలోచన నాది కాదు. మొదటి ముక్కని తవ్విన వాలంటీరే చెప్పింది, మట్టిలో పాతకాలపు కుండలు తీసేవాళ్ళు ఇలాగే చేస్తారని.

ఎనిమిదో నిమిషంలో లేత పసుపు రంగు తుండం బయటపడింది. శంకువులా, మెత్తగా, ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. దాని వెనక కొంచెం ముదురు పసుపు కాలర్, కట్టు కట్టినట్టు స్పష్టంగా. ఎవరూ మాట్లాడలేదు. నేను ఈ పనిలో ఇన్నేళ్ళున్నా, బతికి కదులుతున్నదాన్ని చూడడం అదే మొదటిసారి.

చేతితో ఎత్తలేదు. అది పడుకున్న ఇసుక పలకతో సహా కింద నుంచి ఒక పల్చటి ట్రే దూర్చి, సముద్రపు నీళ్ళు నింపాం. నీటిలో పెట్టాక ఒళ్ళు దాని ఆకారానికి వచ్చింది. గాలిలో కుప్పలా ఉన్నప్పుడు కనిపించనివన్నీ అప్పుడు కనిపించాయి. మొప్ప రంధ్రాల వరసలు, వాటి పక్కన రెక్కల్లా లేచిన జననాంగాల మడతలు, ఇంకా వెనక ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు కాలేయపు సంచుల వరస. మొండెం చివరి కొంత భాగం ఆ ఇసుక పలకలోనే ఉంది, దాన్ని అలాగే వదిలేశాం.

ఫొటోలు స్కేలు పెట్టి, నీటిలో ఉండగా, పైనుంచి, పక్కనుంచి, తుండం-కాలర్ కలిసే చోటు దగ్గరగా తీశాం. మొత్తం ట్రేలో ఉంచింది నాలుగు నిమిషాలు. నీడ కోసం ఒకరు గొడుగు పట్టుకున్నారు.

కణజాలం కోసం ఈ జీవిని ముట్టుకోలేదు. మొదటి ముక్క ఉంది కదా. దాని లోపలి వైపు, మంచినీళ్ళు తగలని చోటు నుంచి గోరంత ముక్క తీసి 95 శాతం ఇథనాల్‌లో వేశాం. ఫార్మలిన్‌లో వేస్తే ఆకారం నిలుస్తుంది గాని డీఎన్‌ఏ దెబ్బతింటుంది, ఆకారానికి ఫొటోలున్నాయి కాబట్టి ఇథనాలే సరైనది. ఒంట్లో నీరు, జిగురు ఎక్కువ కాబట్టి ఆల్కహాల్ పలచబడుతుంది, మర్నాడు మార్చాం. తెగిపోయిన జీవి పూర్తిగా వృథా కాకుండా ఇంతైనా ఉపయోగపడింది.

తిరిగి వదలడం గురించి ఒక మాట. "నీళ్ళలోకి వదిలేద్దామా మేడమ్" అని అడిగారు. ఇది ఈదే జీవి కాదు. నీళ్ళలో విసిరితే ఏదో ఒక చేప నోట్లోకి పోతుంది. కందకాన్ని పూడ్చి, పైన వేళ్ళతో ఇసుక వదులు చేసి, నీళ్ళు నిలిచిన చిన్న పల్లంలో పడుకోబెట్టాం. తుండం ఇసుకని వెతుక్కుంటూ దిగడం మొదలుపెట్టింది. తుండం పొడుగై లోపలికి దూరుతుంది, ఉబ్బి పట్టు సంపాదిస్తుంది, వెనక ఒంటిని లాక్కుంటుంది. పక్షులు రాకుండా ఇద్దరు కాపలా ఉన్నారు. కాలర్ మునిగేదాకా చూసి బయల్దేరాం, అప్పటికి పల్లంలోకి నీరు వస్తోంది.

ఎంతవరకు తేలింది

ఫొటోలు చూసిన పరిశోధకురాలు ఏకార్న్ వార్మే అని ఖాయం చేశారు. జననాంగపు రెక్కలు, కాలేయపు సంచులు రెండూ కలిసి ఉండడం వల్ల టైకోడెరిడే కుటుంబం దాకా వెళ్ళగలిగాం. బెలనోగ్లాసస్, టైకోడెరా రెండూ ఆ కుటుంబంలోవే. ప్రజాతి, జాతి దాకా వెళ్ళాలంటే తుండం లోపలి నిర్మాణాన్ని పల్చటి కోతలు కోసి మైక్రోస్కోప్ కింద చూడాలి, అంటే జీవి ప్రాణం తీయాలి. డీఎన్‌ఏ ఫలితం కూడా కుటుంబంతో ఏకీభవించింది, జాతి స్థాయిలో సరిపోయేది దొరకలేదు. రికార్డులో జాతి గడి ఖాళీగా ఉంచాం.

ఆ ఖాళీ గడి చూసి వాలంటీర్లు కొంచెం నిరాశపడ్డారు. వాళ్ళకి టోర్నేరియా సంగతి చెప్పాను. సముద్రంలో తేలే ఆ లార్వాని 1850 ప్రాంతంలో వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ సామాన్యుడు కాదు, అయినా దాన్ని నక్షత్ర చేప లార్వా అనుకున్నాడు. అది బెలనోగ్లాసస్ లార్వా అని రష్యన్ జంతుశాస్త్రవేత్త మెచ్నికాఫ్ తేల్చడానికి ఇంచుమించు ఇరవై ఏళ్ళు పట్టింది. ఊహించి నింపిన పేరుని తర్వాత సరిదిద్దడం కన్నా ఖాళీ గడిని నింపడం తేలిక.

ఇప్పుడు ఏం మార్చుకున్నాను

సర్వే ఏ జీవుల కోసమైనా సరే, దిగేముందు మూడు నిమిషాలు మెత్తటి జీవుల గురించి చెప్తున్నాను: ఏది కనిపించినా ముందు ఉన్నచోటే ఫొటో, తర్వాత వాసన, చుట్టుపక్కల గుంటలు, ఆ తర్వాతే చెయ్యి. తాగే నీళ్ళ బాటిళ్ళు ఒక సంచిలో, సముద్రపు నీళ్ళ డబ్బాలు వేరే రంగు మూతలతో ఇంకో సంచిలో. ఈ చిన్న మార్పు తర్వాత మంచినీళ్ళ పొరపాటు మళ్ళీ జరగలేదు.

కిట్‌లో మెగ్నీషియం క్లోరైడ్ కూడా చేరింది. లీటరు మంచినీళ్ళలో 75 గ్రాముల స్ఫటికాలు కలిపితే సముద్రపు నీటికి దగ్గరి చిక్కదనం వస్తుంది, అందులో మెత్తటి జీవులు ముడుచుకోకుండా సడలుతాయి. తెగిన ముక్కని ఆల్కహాల్‌లో వెయ్యాల్సి వస్తే ముందు ఇందులో ఉంచుతాం. వదిలెయ్యబోయే జీవికి మాత్రం వాడను. పనిలేని మత్తు ఎందుకు?

పార గురించి అడిగేవాళ్ళుంటారు. పార ఇంకా తీసుకెళ్తున్నాను, గవ్వల కోసం. చుట్టలు కనిపించిన చోట దాన్ని ఇసుకలో గుచ్చి వదిలేసి మోకాళ్ళ మీద కూర్చుంటాం.

మొదటి జీవి ముందు భాగం ఏమైంది అన్న ప్రశ్న ఆ వాలంటీర్‌ని చాలా రోజులు బాధపెట్టింది. టైకోడెరా ఫ్లావా అనే జాతిలో తెగిన మొండెం నుంచి తుండం, కాలర్ మళ్ళీ పెరగడం ప్రయోగశాలల్లో గమనించారు. మాదాంట్లో తల భాగం ఇసుకలో మిగిలింది, కాబట్టి బతికే అవకాశం ఉందని చెప్పాను. బతికిందని చెప్పలేదు.

తర్వాతి పౌర్ణమి దాటాక అదే మేటకి వెళ్ళాం. ఆమె నేరుగా ఆ చోటుకి నడిచింది. పారతో తవ్విన గుంట ఆనవాళ్ళు ఏమీ లేవు, అలలు ఎప్పుడో చదును చేసేశాయి. మేము గుర్తుగా రాసుకున్న కొలతల ప్రకారం ఆ చోటికి రెండడుగుల దూరంలో ఒక కొత్త చుట్ట ఉంది, ఇంకా తడి ఆరలేదు. అది దానిదేనా అని అడిగింది. తెలియదన్నాను. నోట్‌బుక్ తీసి, ఫ్రేమ్ వేసి, 'చుట్టలు: 5' అని రాసుకుంది.